ఇంట్లో చేసిన వెండి ద్రావణంలో వెండి ఎంతుంది? చేతి మీటర్లతో కొలిచే పూర్తి పద్ధతి

"మాస్టారూ, మీటరు 12 చూపిస్తోంది. అంటే 12 పీపీఎం వచ్చినట్టేనా?"

విశాఖలో కొల్లాయిడల్ సిల్వర్ (డిస్టిల్డ్ వాటర్‌లో రెండు వెండి కడ్డీలు ముంచి, కరెంటు పారించి చేసే వెండి ద్రావణం) సొంతంగా తయారుచేసుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. వీళ్లలో కెమిస్ట్రీ ప్రాజెక్టు చేసే డిగ్రీ పిల్లలున్నారు, మట్టి వాటర్ ఫిల్టర్లకు వెండి పూత వేసి చూసేవాళ్లున్నారు. అందరి చేతిలోనూ ఒక టీడీఎస్ మీటరో ఈసీ మీటరో ఉంటుంది. అంకె వస్తుంది, ఆ అంకెకు అర్థమేమిటో తెలియదు.

12 చూపిస్తే వెండి 12 పీపీఎం, అంటే లీటరుకు 12 మిల్లీగ్రాములు ఉండొచ్చు, 5 ఉండొచ్చు, 20 దాకా కూడా ఉండొచ్చు. ఒక్క మీటరుతో అది తేలదు. మీటరుతో పాటు కరెంటు లెక్క, కంసాలి తూకం, చిటికెడు ఉప్పు కూడా వాడితే హద్దులు చాలా దగ్గరపడతాయి. ఆ వరుసంతా కింద రాస్తున్నాను.

1. అన్నిటికంటే ముందు: ఇది తాగేది కాదు

తాగునీటికి మన బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు వెండి 0.1 మిల్లీగ్రాము మించకూడదు. 10 పీపీఎం ద్రావణం అంటే దానికి వంద రెట్లు.

వెండి ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఆర్జీరియా వస్తుంది. చర్మం, గోళ్లు నీలి బూడిద రంగుకు తిరుగుతాయి. ఆ రంగు మళ్లీ పోదు. డాక్టరు చీటీ లేకుండా అమ్మే వెండి మందులేవీ సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ గుర్తించలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చి చెప్పింది.

అందుకే మీటరు అంకె చూసి "పలచగానే ఉంది, రెండు చెంచాలు తాగొచ్చు" అనుకోవద్దు. కళ్లలో, ముక్కులో వేయొద్దు. పిల్లలకు అస్సలు వద్దు. ఈ కొలతలన్నీ ప్రయోగానికి, ఫిల్టరు పూతకు మాత్రమే.

2. మీటరు నిజంగా దేన్ని కొలుస్తుంది?

మీటరు చివర రెండు పిన్నులుంటాయి. వాటి మధ్య నీళ్లలోంచి కరెంటు ఎంత సులువుగా పారుతోందో అది చూస్తుంది. దాన్ని మైక్రోసీమెన్స్‌లో చూపిస్తే ఈసీ మీటరు. ఆ అంకెనే ఏదో ఒక గుణకంతో హెచ్చించి పీపీఎం అని చూపిస్తే టీడీఎస్ మీటరు. లోపలి పని రెండింటిలోనూ ఒకటే.

కరెంటును మోసేవి అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు. మన ద్రావణంలో వెండి రెండు రూపాల్లో ఉంటుంది. కరిగిపోయిన వెండి అయాన్లు ఒకటి, తేలియాడే సన్నటి వెండి రేణువులు రెండోది. కొల్లాయిడ్ అనేది నిజానికి ఈ రేణువుల భాగాన్నే. మీటరుకు అయాన్లు మాత్రమే తెలుస్తాయి, రేణువులు దాదాపుగా లెక్కలోకే రావు.

పైగా ఏ అయానైనా మీటరుకు ఒకటే. వెండిదా, ఉప్పుదా, చేతి చెమటదా, గాలిలోంచి కరిగిన కార్బన్ డయాక్సైడ్‌దా అన్న తేడా దానికి తెలియదు. అందుకే ఈ పనిలో సగం శ్రమ వెండి కానివాటిని నీళ్లలోకి రానివ్వకుండా చూసుకోవడమే.

3. ఏ మీటరు కొనాలి?

ఆర్‌ఓ నీళ్లు చూడడానికి అందరూ కొనే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు ఒక్కొక్క పీపీఎం చొప్పున చూపిస్తుంది. దానిలో 6 అంటే 5.5 కావచ్చు, 6.4 కావచ్చు. పది లోపు అంకెలతో పనిచేసేటప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- మైక్రోసీమెన్స్‌లో చూపించాలి.
- 0.1 వరకు విడమరిచి చూపించాలి.
- పరిధి 0 నుంచి 100 లేదా 200 వరకు ఉంటే చాలు. 9990 దాకా కొలిచే మీటరు కింది అంకెల దగ్గర మొరటుగా ఉంటుంది.
- ఉష్ణోగ్రత సవరణ తనంతట తానే చేసుకోవాలి.
- క్యాలిబ్రేషన్, అంటే అంకె ముందే తెలిసిన ద్రావణంలో ముంచి మీటరును దిద్దుకోవడం, మనం చేసుకునే వీలుండాలి.

ఈ లక్షణాలున్న మీటర్లను ప్యూర్ వాటర్ టెస్టర్ పేరుతో అమ్ముతారు. హన్నా కంపెనీ హెచ్ఐ 98308 ఈ కోవలోదే. అది 0 నుంచి 99.9 మైక్రోసీమెన్స్ వరకు, 0.1 చొప్పున చూపిస్తుంది.

ఇప్పటికే టీడీఎస్ మీటరు ఉంటే పారేయక్కర్లేదు. దాని గుణకం ఎంతో కాగితంలో చూడండి. గుణకం 0.5 అయితే చూపించిన అంకెను రెండుతో హెచ్చించండి. 0.7 అయితే 0.7తో భాగించండి. అప్పుడు మైక్రోసీమెన్స్ వస్తాయి. ఒకే గ్లాసులో ఒకరి మీటరు 6 అంటే, ఇంకొకరిది 12 అంటే, ఇద్దరూ సరిగ్గానే కొలిచి ఉండొచ్చు. ఇక్కడి నుంచి నేను రాసే అంకెలన్నీ మైక్రోసీమెన్స్‌లోనే.

4. సామాను జాబితా

- ఈసీ మీటరు
- 84 మైక్రోసీమెన్స్ క్యాలిబ్రేషన్ ద్రావణం, చిన్న ప్యాకెట్లు
- మిల్లీఆంపియర్లు చూపించే మల్టీమీటరు, గడియారం
- 250, 500 మిల్లీలీటర్ల గాజు బీకర్లు, మూడు నాలుగు టెస్టు ట్యూబులు
- డిస్టిల్డ్ వాటర్: ద్రావణానికి ఎంత కావాలో కడగడానికి కూడా అంత
- అయొడిన్ లేని ఉప్పు కొంచెం, నల్ల కాగితం, లేజర్ పాయింటరు
- 1 మిల్లీగ్రాము వరకు తూచే తక్కెడ అందుబాటు
- పౌడరు లేని గ్లవుజులు
- లెక్క రాసుకోవడానికి ఒక నోటుబుక్కు

వెండి కడ్డీలు 999 స్వచ్ఛతవే కావాలి. పాతనగరంలో కురుపాం మార్కెట్‌లో కొంటే తీగను ప్యూరిటీ మెషీన్ మీద పెట్టి చూపించమని అడగండి. 92.5 వెండిలో మిగతా 7.5 శాతం సాధారణంగా రాగి. అదీ నీళ్లలోకి దిగుతుంది, మీటరు దాన్నీ లెక్కపెడుతుంది, కింద చెప్పే కరెంటు లెక్క కూడా తప్పుతుంది. అతుకులున్న తీగ వద్దు. టంకం నీళ్లకు తగలకూడదు.

5. నీళ్లు: కొనేముందు కాదు, వాడేముందు పరీక్షించండి

బ్యాటరీ షాపుల్లో, పెట్రోలు బంకుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ అన్నీ ఒకే రకంగా ఉండవు. లేబుల్ చూసి నమ్మొద్దు. ప్రతి క్యానూ తెరిచాక ముందు కొలవండి.

- 1 లోపు: చాలా మంచివి.
- 1 నుంచి 2: పనికొస్తాయి.
- 2 నుంచి 5: గాజుసామాను కడగడానికి ఉంచుకోండి.
- 5 దాటితే: బ్యాటరీకే పోయండి.

సున్నా రావాలని పట్టుబట్టొద్దు. పరమ శుద్ధమైన నీళ్లు 25 డిగ్రీల దగ్గర 0.055 ఉంటాయి. గాలి తగిలిన కొద్దిసేపటికి కార్బన్ డయాక్సైడ్ కరిగి 1 దగ్గరికి చేరతాయి. ఇది మురికి కాదు. ఈ సంగతి ఎనిమిదో మెట్టులో మళ్లీ పనికొస్తుంది.

కొళాయి నీళ్లు, ఇరవై లీటర్ల ఆర్‌ఓ క్యాన్ ఈ పనికి రావు. వాటిలో క్లోరైడ్ ఉంటుంది. అది వెండిని తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా మార్చి అడుక్కు లాగేస్తుంది. ఏసీ నుంచి కారే నీళ్లు టీడీఎస్ తక్కువ చూపిస్తాయి గనక కొందరు పట్టుకుంటారు. కాయిల్ మీద దుమ్ము, లోహం కడుక్కుని వచ్చే నీళ్లవి. వద్దు.

6. గాజుసామాను, చేతులు, సముద్రపు గాలి

లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, చినవాల్తేరు వైపు ఉండేవాళ్లకు కిటికీ గ్రిల్ మీద వేలు రాస్తే తగిలే జిడ్డు తెలిసిందే. అదే ఉప్పు రాత్రంతా మూతలేకుండా పెట్టిన బీకరు లోపలా పడుతుంది. అర లీటరు నీళ్లలో 1 మిల్లీగ్రాము ఉప్పు కలిస్తే మీటరు 4 పైగా పెరుగుతుంది. మీరు కొలవబోయేదే 10, 12 అయినప్పుడు 4 అంటే మూడో వంతు.

ఆ ఉప్పులోని క్లోరైడ్ కొంత వెండిని పట్టుకుని తెల్లగా విరిచేస్తుంది కూడా. అంటే కరిగిన వెండి తగ్గిపోయినా ఆ తగ్గుదల మీటరులో పెద్దగా కనిపించదు.

పాటించాల్సినవి:

- సబ్బుతో కడిగితే తర్వాత కొళాయి నీళ్లతో బాగా, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగాలి. ప్రతిసారీ కొంచెం పోసి, గోడలంతా తగిలేలా తిప్పి పారబోయాలి.
- గుడ్డతో తుడవొద్దు. బోర్లించి ఆరబెట్టండి.
- మే నెలలో నుదుటి చెమట బీకరులో పడడం మాట వరసకు చెప్పేది కాదు. ఫ్యాను ఆపేసి వంగి చూస్తుంటే పడుతుంది. ఏసీ ఉన్న గదిలోనో, తెల్లవారుజామునో పని పెట్టుకోండి.
- కిటికీ తలుపులు వేసి ఉంచండి. బీకరు మీద ఫిల్టరు పేపరు కప్పండి.
- మీటరు పిన్నులను వేలితో ముట్టుకోవద్దు.

కడగడం చాలిందా లేదా అన్నది కంటికి తెలియదు. కడిగిన బీకరులో డిస్టిల్డ్ వాటర్ పోసి రెండు నిమిషాలాగి కొలవండి. క్యాన్‌లో ఎంత ఉందో ఇక్కడా దాదాపు అంతే ఉండాలి. 0.3 కంటే ఎక్కువ పెరిగితే మళ్లీ కడగండి.

7. క్యాలిబ్రేషన్, రీడింగ్ తీసే వరుస

ఆక్వా చెరువుల వాళ్లు, హైడ్రోపోనిక్స్ వాళ్లు వాడే 1413 మైక్రోసీమెన్స్ క్యాలిబ్రేషన్ ద్రావణం మన పనికి మరీ పైన ఉంటుంది. మనం కొలిచేది 5 నుంచి 30 మధ్య. అందుకే 84 మంచిది. మీటరు, ద్రావణం ప్యాకెట్, కొలవాల్సిన నీళ్లు మూడూ ఒకే గదిలో కనీసం అరగంట ఉంచాక మొదలుపెట్టండి.

ఒకసారి తెరిచిన ప్యాకెట్ ద్రావణాన్ని తిరిగి దాచొద్దు. క్యాలిబ్రేషన్ ద్రావణంలో సాధారణంగా పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. పిన్నుల మీద ఒక్క చుక్క మిగిలినా అది తర్వాత వెండి నీళ్లను తెల్లగా మసకబారుస్తుంది. మూడుసార్లు కడిగాకే ముందుకు వెళ్లండి.

రీడింగ్ తీసేటప్పుడు వరుస ఇది:

1. కరెంటు ఆపేయండి, కడ్డీలు బయటకు తీయండి. కడ్డీల మధ్య కరెంటు పారుతుండగా మీటరు ముంచితే ఆ అంకె దేనికీ పనికిరాదు.
2. ద్రావణాన్ని గాజు కడ్డీతో మెల్లగా కలిపి, రెండు నిమిషాలు ఆగండి.
3. 100 మిల్లీలీటర్లు వేరే బీకరులోకి వంచుకోండి. అసలు ద్రావణంలో మీటరు ముంచొద్దు.
4. ఆ నమూనాలోంచే కొంచెం తీసి పిన్నుల మీద పోసి పారబోయండి.
5. ఇప్పుడు మీటరు ముంచండి. పిన్నులు గోడకూ అడుగుకూ వేలెడంత దూరంలో ఉండాలి.
6. మీటరును రెండు మూడుసార్లు మెల్లగా తిప్పండి. పిన్నుల మధ్య సన్న బుడగ ఇరుక్కుంటే అంకె తగ్గిపోతుంది. ఇప్పుడే తయారైన ద్రావణంలో హైడ్రోజన్ బుడగలు ఎక్కువగా ఉంటాయి.
7. అంకె కుదురుకునే వరకు ఆగండి. శుద్ధమైన నీళ్లలో నిమిషం దాకా పట్టొచ్చు.
8. అంకె, ఉష్ణోగ్రత, సమయం రాసుకోండి. మీటరు తీసి, కడిగి, మళ్లీ ముంచి రెండోసారి, మూడోసారి చూడండి.

మూడు అంకెలూ అర మైక్రోసీమెన్ లోపు తేడాతో వస్తే సరే. ప్రతిసారీ పెరుగుతూ పోతే పిన్నులు సరిగ్గా కడగలేదని అర్థం.

మీటరులో ఉష్ణోగ్రత సవరణ లేకపోతే ఒక లెక్క గుర్తుంచుకోండి. డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. వేసవిలో గది 33 డిగ్రీలుంటే 25తో పోలిస్తే 16 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఆ లెక్కన 1.16తో భాగించుకోండి.

8. అంకెను వెండి పీపీఎంగా మార్చడం

గందరగోళమంతా ఇక్కడే ఉంది, అందుకే కొంచెం నెమ్మదిగా చదవండి.

వెండి అయాను ధనావేశంతో ఉంటుంది. దానికి జతగా నీళ్లలో ఒక రుణావేశపు అయాను ఉండి తీరాలి. కరెంటు పెట్టినప్పుడు ఒక కడ్డీ దగ్గర వెండి కరుగుతుంటే, రెండోదాని దగ్గర హైడ్రోజన్ బుడగలతో పాటు హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి. అంటే తాజా ద్రావణంలో వెండికి జత హైడ్రాక్సైడ్. ఇది కరెంటును బాగా మోస్తుంది. ఈ జతకు లెక్క వేస్తే ఒక పీపీఎం వెండికి దాదాపు 2.4 మైక్రోసీమెన్స్ వస్తాయి.

తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా కరిగి హైడ్రాక్సైడ్‌ను బైకార్బనేట్‌గా మారుస్తుంది. బైకార్బనేట్ చాలా తక్కువగా మోస్తుంది. అప్పుడు ఒక పీపీఎం వెండికి దాదాపు 1 మైక్రోసీమెన్. "మైక్రోసీమెన్ అంటే పీపీఎమ్మే" అని నోటి మాటగా తిరిగే సూత్రం సరిపోయేది ఈ స్థితిలోనే. తాజా ద్రావణం మీద అదే సూత్రం వాడితే ఉన్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ చెప్పుకున్నట్టవుతుంది.

"కరెంటు ఆపినప్పుడు 20 ఉంది, పొద్దున్న చూస్తే 12. వెండి ఎక్కడికి పోయింది?" అని కంగారుపడేవాళ్లకు చాలావరకు జవాబు ఇదే. వెండి అక్కడే ఉండొచ్చు, దాని జత మారింది. కొంత వెండి రేణువులుగా మారడం, గాజుకు అంటుకోవడం కూడా జరుగుతాయి గానీ మొదటి రోజు పడిపోయేదానిలో ఈ జత మార్పు వాటా పెద్దది.

అందుకని ఇలా చేయండి:

- 100 మిల్లీలీటర్ల నమూనాను వెడల్పు బీకరులో పోసి, ఫిల్టరు పేపరు కప్పి, చీకటి అలమారలో ఒక రోజు ఉంచండి. మధ్యమధ్యలో బీకరును మెల్లగా తిప్పండి.
- మర్నాడు కొలవండి. రెండు గంటలాగి మళ్లీ కొలవండి. అంకె ఇక మారకపోతే బైకార్బనేట్ స్థితికి వచ్చినట్టే.
- ఆ అంకెనే అయాన్ వెండి పీపీఎంగా తీసుకోండి.

మరి మొదట నీళ్లలో ఉన్న 1 తీసేయాలా? అక్కర్లేదు. ఆ 1 కార్బన్ డయాక్సైడ్ ఇచ్చిన ఆమ్లపు అయాన్లది. వెండి ద్రావణంలో ఆ ఆమ్లం విరిగిపోతుంది. మొదటి రీడింగ్ 1 కంటే ఎంత ఎక్కువుందో అంత మాత్రమే తీసేయండి. మొదట 1.6 ఉంటే, చివర్లో 0.6 తీసేయాలి.

స్థితి ఏమిటో పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) కూడా చెబుతుంది. 10 పీపీఎం అయాన్ వెండి హైడ్రాక్సైడ్‌తో ఉంటే పీహెచ్ 10 దగ్గర ఉంటుంది. గాలితో సమం అయ్యాక 7.2 దగ్గరికి దిగుతుంది. కాకపోతే పీహెచ్ మీటరు ప్రోబులోంచి పొటాషియం క్లోరైడ్ కొంచెం కొంచెంగా ఊరుతుంటుంది. అందుకే ఈసీ కొలిచేశాక, వేరే గ్లాసులో కొంచెం పోసి పీహెచ్ చూసి, ఆ నీళ్లు పక్కన పెట్టేయండి. అదే గ్లాసులో మళ్లీ ఈసీ చూడొద్దు. ఇంత పలచని నీళ్లలో పీహెచ్ కాగితాలు సరిగ్గా చెప్పవు.

9. కరెంటు లెక్క: పై హద్దు

మీటరు అయాన్ల వైపు నుంచి చెబుతుంది. కడ్డీ నుంచి మొత్తం ఎంత వెండి దిగి ఉండొచ్చో ఫారడే సూత్రం చెబుతుంది. ఒక మిల్లీఆంపియర్ ఒక నిమిషం పారితే 0.067 మిల్లీగ్రాము, గంట పారితే 4.02 మిల్లీగ్రాములు.

మల్టీమీటరును వరుసలో కలిపి కరెంటు చూడండి. కరెంటును ఒకే స్థాయిలో ఉంచే సర్క్యూట్ ఉంటే పని సులువు. ఉత్త 9 వోల్టుల బ్యాటరీలతో చేస్తే కరెంటు మొదట చాలా తక్కువగా ఉండి, నీళ్లలో అయాన్లు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అప్పుడు ప్రతి 5 నిమిషాలకూ రాసుకుని, ఒక్కో ముక్కకూ విడిగా హెచ్చించి కూడండి. మొదటి అంకె, చివరి అంకె కలిపి సగం చేయడం సరిపోదు.

ఉదాహరణకు: అర లీటరు, 2 మిల్లీఆంపియర్లు, 75 నిమిషాలు. 2 × 75 × 0.067 = సుమారు 10 మిల్లీగ్రాములు. అర లీటరులో 10 అంటే 20 పీపీఎం.

ఇది పై హద్దు మాత్రమే. కడ్డీ వదిలిన వెండి అంతా నీళ్లలో మిగలదు. కొంత రెండో కడ్డీ మీద నల్లటి నూగులా పేరుకుంటుంది, కొంత అడుగున మడ్డిగా దిగుతుంది. మీ మీటరు లెక్క ఈ పై హద్దును దాటిందంటే మాత్రం ఎక్కడో వెండి కానిది కలిసింది.

10. కంసాలి తూకం

ఇంట్లో వాడే 0.01 గ్రాము తక్కెడ దీనికి చాలదు. దాని ఒక్క గీతే 10 మిల్లీగ్రాములు, మనకు దిగిన వెండి మొత్తం అంతే. రాళ్లు, వజ్రాలు తూచే 0.001 గ్రాము తక్కెడ కావాలి. తెలిసిన నగల దుకాణం ఉంటే అడిగి చూడండి. గ్లాసు తలుపున్న తక్కెడ అయితే ఇంకా మంచిది, ఫ్యాను గాలికి అంకె ఊగదు.

పని మొదలుపెట్టే ముందు రెండు కడ్డీలనూ విడివిడిగా తూచండి. అయ్యాక డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి తీసి, నూగు రాలకుండా, పూర్తిగా ఆరాక మళ్లీ తూచండి. పై ఉదాహరణలో ఒక కడ్డీ 10 మిల్లీగ్రాములు తగ్గి, రెండోది 2 పెరిగిందనుకోండి. నీళ్లలోకి వెళ్లింది 8. అర లీటరుకు 16 పీపీఎం. తూకంలో ఒకటి రెండు మిల్లీగ్రాములు అటూ ఇటూ పోతాయి గనక 13 నుంచి 19 మధ్య అనుకోవాలి.

మర్నాటి ఈసీ 12 ఉంటే, అయాన్లు 12, మొత్తం 16 దగ్గర, మిగతా 4 రేణువులు, మడ్డి. "12 చూపిస్తోంది మాస్టారూ" అన్న ప్రశ్నకు ఇలా నోటుబుక్కులో రాసుకోగలిగితే అది జవాబు.

11. ఉప్పు పరీక్ష, లేజర్ పరీక్ష

ఈ రెండూ అంకెలు ఇవ్వవు. అంకెలను నమ్మొచ్చా లేదా చెబుతాయి.

ఉప్పు: టెస్టు ట్యూబులో 5 మిల్లీలీటర్ల ద్రావణం పోయండి. పక్కన ఇంకో ట్యూబులో ఉత్త డిస్టిల్డ్ వాటర్. రెండింటిలో రెండేసి ఉప్పు రవ్వలు వేసి, నల్ల కాగితం ముందు పట్టుకుని పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. వెండి అయాన్లుంటే ఉప్పు కరుగుతున్న చోట నుంచి తెల్లటి మసక పొగలా లేస్తుంది. మీటరు 12 చూపించి, ఇక్కడ మసక రాకపోతే ఆ 12లో వెండి పెద్దగా లేదు. నీళ్లనో, గాజునో అనుమానించండి.

లేజర్: చీకటి గదిలో గ్లాసు పక్క నుంచి కిరణం వేయండి. లోపల గీతలా కనిపిస్తే రేణువులున్నాయి. ఉత్త నీళ్లతో పోల్చి చూడాలి, దుమ్ము ఉన్నా చుక్కలు మెరుస్తాయి. కంటికి కిరణం తగలనివ్వొద్దు. ద్రావణం లేత పసుపు రంగుకు తిరిగితే అది సన్నటి వెండి రేణువుల గుర్తు. అవి 400 నానోమీటర్ల దగ్గరి ఊదారంగు కాంతిని మింగడం వల్ల ఆ పసుపు వస్తుంది. ఈసీ తగ్గుతూ పసుపు పెరుగుతుంటే అయాన్లు రేణువులుగా మారుతున్నాయి.

12. తరచూ వచ్చే తేడాలు, సరిచేసే దారి

*మొదటి నుంచే 8, 10 చూపిస్తోంది.* క్యాన్‌ను నేరుగా కొలవండి. క్యాన్ బాగుంటే బీకరు, బీకరు బాగుంటే కడ్డీలు. కడ్డీలను ఊరికే ముంచి పది నిమిషాలాగి చూడండి.

*ద్రావణం పాలలా మసకబారింది.* క్లోరైడ్ చేరింది. ఆ విడత కొలిచి లాభం లేదు. కొలిచిన తర్వాత మసకబారితే మీటరు పిన్నుల మీద క్యాలిబ్రేషన్ ద్రావణం మిగిలింది.

*మీటరు 15, కరెంటు లెక్క 9.* తాజాగా కొలిచారు కాబోలు. ఒక రోజు ఆగి చూడండి. అప్పటికీ 9 దాటితే నీళ్లలో వేరే అయాన్లున్నాయి, లేదా కడ్డీలో రాగి ఉంది.

*మీటరు 3, కరెంటు లెక్క 20, అడుగున నల్ల మడ్డి.* కరెంటు ఎక్కువైంది, వెండి కరగకుండా రాలిపోయింది. కరెంటు తగ్గించి, మధ్యమధ్యలో కలుపుతూ చేయండి.

*అంకె ఒక చోట నిలవడం లేదు.* బుడగ, లేదా నీరసించిన బ్యాటరీ. రెండూ కాకపోతే పిన్నుల మీద నల్లటి పొర ఉందేమో చూడండి. మెత్తటి దూదికి స్పిరిట్ అద్ది తుడిచి, కడిగి, మళ్లీ క్యాలిబ్రేట్ చేయండి.

*నెల తర్వాత సీసాలో అంకె తగ్గింది.* మామూలే. గోధుమరంగు గాజు సీసా వాడండి, మీద తేదీ, అప్పటి ఈసీ రాయండి. పూత వేసే రోజున మళ్లీ కొలవకుండా పాత అంకె వాడొద్దు.

13. ల్యాబుకు ఒక్కసారైనా పంపండి

ప్రాజెక్టు రిపోర్టులో గాఢత అని రాయాలన్నా, ఫిల్టరు పూతకు వాడాలన్నా మొత్తం వెండి తెలియాలి. అది ల్యాబుల్లో లోహాలను కొలిచే ఏఏఎస్, ఐసీపీ యంత్రాలే చెబుతాయి. ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ల్యాబులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబుకు ఇచ్చేటప్పుడు ఇవి అడగండి:

- "మొత్తం వెండి" పరీక్ష కావాలి, నైట్రిక్ ఆమ్లంతో కరిగించాకే చూడాలి.
- హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎక్కడా తగలకూడదు.
- నమూనా ఎంత కావాలి, ఏ సీసాలో తేవాలి.
- మీరు చేసినదే గాక, అదే క్యాన్ ఉత్త నీళ్లు కూడా రెండో నమూనాగా ఇవ్వండి.

పంపే రోజే మీ ఈసీ, తూకం లెక్క రాసి పెట్టుకోండి. ల్యాబు అంకెను మీ ఈసీతో భాగిస్తే మీ పద్ధతికి, మీ మీటరుకు సొంత గుణకం వస్తుంది. అవే కడ్డీలు, అదే కరెంటు, అంతే సమయం, ఒక రోజు ఆగిన రీడింగ్ అన్నంతవరకే ఆ గుణకం చెల్లుతుంది. ఏ ఒక్కటి మారినా మళ్లీ పంపాల్సిందే.

14. మిగిలిన నీళ్లు

సింకులో పోయొద్దు. మన కాలువలు గెడ్డల్లోకి, గెడ్డలు సముద్రంలోకి వెళ్తాయి. వెండి అయాన్లు చేపలకు, నీళ్లలోని చిన్న జీవులకు చాలా తక్కువ మోతాదులోనే విషం. అక్వేరియం ఉన్న ఇంట్లో అయితే ఆ గదిలోనే ఈ పని పెట్టుకోవద్దు.

పరీక్ష చేసిన నీళ్లన్నీ ఒక సీసాలో చేర్చండి. నిండాక రెండు చెంచాల ఉప్పు కలిపి రెండు రోజులు కదపకుండా ఉంచితే సిల్వర్ క్లోరైడ్ చాలావరకు అడుక్కు చేరుతుంది. సీసా మీద వెండి వ్యర్థం అని రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. కాలేజీ పిల్లలైతే పైతేటతో సహా మీ డిపార్ట్‌మెంట్ ల్యాబులో అప్పగించండి, భారలోహాల వ్యర్థాల డబ్బా అక్కడ ఉంటుంది.